కడుపు కేన్సర్ రిపోర్టులో జిగురు సంగతి కూడా రాయండి: దక్షిణ ఒడిశా డాక్టర్లకి ఒక ల్యాబ్ టెక్నీషియన్ బహిరంగ లేఖ

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఎండోస్కోపీ చేసే డాక్టర్లకి, స్లైడ్లు చూసే పాథాలజిస్టులకి, ఆపరేషన్లు చేసే సర్జన్లకి, భువనేశ్వర్‌లో ఆరోగ్య శాఖ చూసుకునే పెద్దలకి, అందరికీ నమస్కారాలు.

నేను హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. మా ఊరు పర్లాకిమిడి పక్కన, స్కూల్లో చదివింది ఒడియా, తెలుగు రాయడం ఇంట్లో మా నాన్న దగ్గర నేర్చుకున్నా, పని బరంపురంలో. స్లైడ్ చూసి జబ్బు పేరు చెప్పేది మీరు, అందులో నేను తలదూర్చను. కానీ ఆ ముక్క మీ మైక్రోస్కోప్ కిందకి రాకముందు దాన్ని సీసాలోంచి తీసేది, మైనంలో పోసేది, మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోసేది, రంగు వేసేది మేమే, ఏ ముక్క ఏ స్థితిలో వస్తోందో రోజూ కళ్లారా చూసేది మేమే, ఆ ధైర్యంతోనే రాస్తున్నా.

అడిగేది ఒక్కటే. కడుపు కేన్సర్ బయాప్సీ రిపోర్టుని "అడెనోకార్సినోమా" (గ్రంథి కణాల్లో పుట్టే కేన్సర్) అని ఒక్క లైనుతో ముగించకండి, ఆ కేన్సర్ కణాలు జిగురు తయారు చేస్తున్నాయా లేదా, చేస్తే ఏ రకం జిగురు, అది కూడా చూసి రాయండి. అలా చూడాలంటే ముక్క మొదటి నిమిషం నుంచి సరిగ్గా ఉండాలి, మైనం బ్లాక్, అంటే మైనంలో పోసిన ఆ ముక్క, పేషెంట్ ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్లాలి, ఇవి రెండూ లేకపోతే మొదటిది కుదరదు, అందుకే మూడూ కలిపి అడుగుతున్నా.

ఇది డాక్టర్లకి తెలిసిన సంగతే గానీ ఈ లేఖ పేషెంట్ల ఇళ్లల్లో కూడా చదవాలని కోరిక, కాబట్టి కొంచెం విడమర్చి రాస్తా. మన కడుపు లోపలి గోడ మీద ఎప్పుడూ ఒక జిగురు పొర ఉంటుంది, కోసిన బెండకాయ వేళ్లకి అంటుకున్నప్పుడు ఎలా సాగుతుందో అలాంటిది, అది లేకపోతే అన్నం అరిగించే ఆసిడ్ మన కడుపునే తినేస్తుంది. ఆ జిగురుకి మూలం మ్యూసిన్ అనే ప్రొటీన్లు. ప్రొటీన్ వెన్నెముక సన్నగా పొడుగ్గా ఉంటుంది, దాని చుట్టూ చక్కెర గొలుసులు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి, ఆ చక్కెరలు నీటిని పట్టి ఉంచడం వల్లే జిగురు.

మ్యూసిన్లు చాలా రకాలు, కడుపు విషయంలో ముఖ్యంగా నాలుగు. కడుపు పైపొర కణాలు మక్5ఏసీ చేస్తాయి. లోపల గ్రంథుల అడుగున ఉండే కణాలు మక్6 చేస్తాయి. మక్2 పేగుల్లో గోబ్లెట్ కణాలు చేసేది, ఆరోగ్యంగా ఉన్న కడుపులో అది కనపడకూడదు. నాలుగోది మక్1, ఇది బయటికి వదిలే జిగురు కాదు, కణం పొరకే అతుక్కుని ఉంటుంది, మామూలు కణంలో పైఅంచు వైపు మాత్రమే. అంటే ఏ మ్యూసిన్ ఎక్కడుండాలో శరీరానికి ఒక లెక్క ఉంది, కేన్సర్ వచ్చేటప్పుడు, కొన్నిసార్లు రాకముందే, ఆ లెక్క తప్పుతుంది, ఆ తప్పడం గాజు స్లైడ్ మీద రంగుల్లో కనిపిస్తుంది.

ఇందులో హెచ్ పైలోరి కథ కూడా కలిసుంది. ఆ బాక్టీరియాని కనిపెట్టినందుకు ఆస్ట్రేలియాకి చెందిన మార్షల్, వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది, కేన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో దాన్ని ప్రపంచ కేన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే చేర్చింది. ఆ పురుగు కడుపులో ఇల్లు కట్టుకునేది మక్5ఏసీ జిగురులోనే, ఆ జిగురు మీద ఉండే ఒక చక్కెరని తన కొక్కేలతో పట్టుకుంటుంది. అదే కడుపులో లోపలి పొరలో ఉన్న మక్6 మీది ఇంకో రకం చక్కెర ఆ పురుగుని పెరగనివ్వదు, ఈ సంగతి జపాన్ శాస్త్రవేత్తలు 2004లో తేల్చారు. ఒకే జిగురులో పై పొర ఆశ్రయం ఇస్తుంటే కింద పొర తరుముతోంది, నాకు ఇది చదివిన రోజు నుంచి మక్6 రంగు పడిన స్లైడ్ చేతికొస్తే కాసేపు దాన్నే చూడాలనిపిస్తుంది.

ఇప్పుడు కేన్సర్ దగ్గరికి వస్తా. కడుపు కేన్సర్‌ని 1965లో లారెన్ అనే ఫిన్లాండ్ పాథాలజిస్టు రెండుగా విడగొట్టాడు, పేగు గ్రంథుల్లా కనిపించే రకం ఒకటి, కణాలు విడివిడిగా గోడంతా పాకిపోయే డిఫ్యూజ్ రకం ఇంకోటి. ఇప్పటికీ రిపోర్టుల్లో అదే రాస్తున్నాం, మంచిదే. మ్యూసిన్ రంగులు ఇంకో మెట్టు లోపలికి తీసుకెళ్తాయి. కేన్సర్ కణంలో మక్5ఏసీ, మక్6 మిగిలుంటే కడుపు స్వభావం అంటారు, మక్2, సీడీ10 (పేగు కణాల మీద ఉండే ఇంకో ప్రొటీన్) కనిపిస్తే పేగు స్వభావం, రెండూ కలిసుంటే మిశ్రమం, ఏదీ లేకపోతే ఆ కణం తన పుట్టుకే మర్చిపోయిందన్నమాట. పైకి ఒకేలా కనిపించే రెండు కేన్సర్లు ఈ రంగులు వేశాక వేరువేరుగా తేలడం మామూలే.

వీటన్నిటిలో ఎక్కువ దృష్టి పెట్టాల్సింది మక్1 మీద అని నా అభిప్రాయం. పైఅంచు మీద మాత్రమే ఉండాల్సిన ఈ ప్రొటీన్ కేన్సర్ కణంలో దిక్కు తప్పి చుట్టూరా వ్యాపిస్తుంది, కొన్నిసార్లు కణం లోపలంతా నిండిపోతుంది. అది చాలా పొడుగాటి ప్రొటీన్ కాబట్టి పక్క కణంతో పట్టు తప్పేలా అడ్డం పడుతుంది, దాని లోపలి తోక కణానికి పెరగమని చెప్పే సిగ్నళ్లలో వేలు పెడుతుంది, అలా పట్టు వదిలిన కణం లింఫ్ గడ్డలకి వెళ్లడం తేలిక. కడుపు కేన్సర్‌లో మక్1 ఎక్కువగా కనిపించిన పేషెంట్లలో జబ్బు లోతుగా దిగడం, లింఫ్ గడ్డలకి పాకడం, బతికే కాలం తగ్గడం ఎక్కువని చాలా స్టడీలు కలిపి చూసినప్పుడు తేలింది. మక్5ఏసీ పోయిన కేన్సర్లు కూడా చెడ్డగా నడుస్తాయని చాలామంది రాశారు.

అయితే ఉన్నదున్నట్టు చెప్పాలి, ఈ రంగులు జాతకం కాదు. మక్2 సంగతిలో ఒక స్టడీ మంచిదంటే ఇంకోటి చెడ్డదంటుంది, కడుపు స్వభావం ఉన్న కేన్సర్ నెమ్మదిదా దూకుడుదా అన్నదాంట్లో కూడా మాటలు కలవవు. ఎందుకు కలవవో ల్యాబ్‌లో పనిచేసేవాడికి ఆశ్చర్యమేం ఉండదు. ఒక్కో ల్యాబ్ ఒక్కో యాంటీబాడీ (ఒక ప్రొటీన్ని వెతికి పట్టుకుని రంగు తెప్పించే పదార్థం) వాడుతుంది, మక్1కి ఉన్న యాంటీబాడీలు ఒకే ప్రొటీన్‌లో వేరువేరు చోట్లని పట్టుకుంటాయి, చక్కెర కప్పిన చోట ఒకటి పట్టదు ఇంకోటి పడుతుంది, ఎన్ని కణాలకి రంగు పడితే పాజిటివ్ అనాలో ఒకళ్లు అయిదు శాతం అంటే ఇంకొకళ్లు పది అంటారు, ముక్కని ఉడికించి యాంటీజెన్ని, అంటే యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటుని, తెరిపించే పద్ధతి మారినా ఫలితం మారిపోతుంది. పైగా ఎంత లోతుకి దిగింది, ఎన్ని గడ్డలకి పాకింది అనే స్టేజి ఇప్పటికీ అన్నిటికంటే గట్టిగా చెప్పే విషయం, ఆపరేషన్ ముక్కలో కనీసం 16 లింఫ్ గడ్డలు వెతికి చూడాలన్న నియమం అందుకే ఉంది. ఏ మందు ఇవ్వాలో తేల్చేవి కూడా మ్యూసిన్లు కాదు, కేన్సర్ ముక్క మీదే చేసే వేరే టెస్టులు, 2010 నుంచి హెర్2, తర్వాత ఎమ్మెస్సై, పీడీ-ఎల్1, ఈమధ్య క్లాడిన్ 18.2. కాబట్టి డబ్బుల్లేని పేషెంట్‌కి హెర్2 వదిలేసి మక్ ప్యానెల్ రాయమని నేను అనట్లేదు, అలా రాస్తే అది అన్యాయం.

ఇక్కడే ఇంకో మాట. హెల్త్ ప్యాకేజీల పేరుతో రక్తంలో ట్యూమర్ మార్కర్లు అమ్ముతున్నారు. సీఏ 125 అంటే రక్తంలో మక్16 కొలవడం, సీఏ 15-3 అంటే మక్1 ముక్కలు కొలవడం, రెండూ మ్యూసిన్లే. కడుపులో మంట అన్న మనిషికి ఈ టెస్టులు చేసి నార్మల్ వచ్చాయి భయం లేదని పంపించేయడం ఘోరం, తొలి దశ కడుపు కేన్సర్‌ని ఇవి పట్టుకోలేవు. నేను చెప్పేది ముక్క మీద వేసే రంగు గురించి, కణం ఎక్కడ ఏం చేస్తోందో కళ్లకి కనపడుతుంది, దయచేసి ఈ రెండూ కలిపేయకండి.

మరి పేదోళ్ల ఆసుపత్రిలో ఏం చేయాలి అంటారా. ఖరీదైన యాంటీబాడీల కంటే ముందు పాత రంగులు రెండున్నాయి, ఏల్షియన్ బ్లూ, పాస్. రెండూ కలిపి ఒకే స్లైడ్ మీద వేస్తే మామూలు కడుపు జిగురు గులాబీ ఎరుపులో వస్తుంది, పేగు రకం ఆసిడ్ జిగురు నీలంగా వస్తుంది. ఈ రంగుకి పెద్ద మెషీన్ అక్కర్లేదు, ఏ జిల్లా ల్యాబ్‌లోనైనా వేయొచ్చు. మొదటిసారి చూసినవాళ్లు కూడా తేడా పట్టేస్తారు, గులాబీ రంగు గోడ మధ్యలో అక్కడక్కడా నీలం చుక్కలు నిలబడి ఉంటాయి, అవి కడుపులో ఉండకూడని గోబ్లెట్ కణాలు.

ఆ నీలం చుక్కల్నే ఇంటెస్టినల్ మెటాప్లాసియా అంటారు, అంటే కడుపు గోడ పేగు గోడలా మారడం. కొలంబియాలో పుట్టిన పాథాలజిస్టు కొర్రియా చెప్పిన వరస మీకు తెలుసు, ఏళ్ల తరబడి గ్యాస్ట్రైటిస్ (కడుపు గోడ వాపు), తర్వాత గ్రంథులు పలచబడడం, తర్వాత ఈ మెటాప్లాసియా, తర్వాత డిస్‌ప్లాసియా (కణాలు కేన్సర్ వైపు మారడం మొదలవడం), ఆఖర్న కేన్సర్. అందరూ ఆఖరి దాకా వెళ్లరు, చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పడంలో మ్యూసిన్లు అక్కరకొస్తాయి. మక్2 వచ్చి కడుపు మ్యూసిన్లు పూర్తిగా పోతే అది కంప్లీట్ రకం. మక్2 వచ్చినా మక్5ఏసీ ఇంకా మిగిలి రెండూ కలిసుంటే ఇన్‌కంప్లీట్ రకం, ఎక్కువ భయపడాల్సింది దీనికే, యూరప్ గైడ్‌లైన్స్ ఇలాంటివాళ్లకి మూడేళ్లకోసారి మళ్లీ ఎండోస్కోపీ ఆలోచించమంటున్నాయి. మన రిపోర్టుల్లో "క్రానిక్ గ్యాస్ట్రైటిస్ విత్ ఇంటెస్టినల్ మెటాప్లాసియా" అని రాసి వదిలేస్తున్నాం, కంప్లీటా ఇన్‌కంప్లీటా రాయం, ముక్క యాంట్రమ్‌దా బాడీదా (కడుపు కింది భాగందా, మధ్య భాగందా) కూడా ఫారమ్ మీద ఉండదు, ఆ కాగితం పట్టుకుని పేషెంట్ గ్యాస్ మాత్ర కొనుక్కుని ఇంటికెళ్లిపోతాడు. కేన్సర్ అయ్యాక దాని స్వభావం కనిపెట్టడం ఎంత ముఖ్యమో, కేన్సర్ కాకముందు దొరికిన ఈ సూచన అంతకంటే ముఖ్యం కాదా సార్?

సిగ్నెట్ రింగ్ అనే కేన్సర్ కణాల గురించి చెప్పకుండా ఉండలేను. జిగురు కణం లోపలే పేరుకుపోయి న్యూక్లియస్‌ని ఒక పక్కకి నొక్కేస్తుంది. ఇవి చిన్న వయసు వాళ్లలో కూడా వస్తాయి, గోడ లోపల చాటుగా పాకుతాయి, ఎండోస్కోపీలో పెద్ద పుండు కనపడకపోవచ్చు. చిన్న బయాప్సీ ముక్కలో నాలుగైదు సిగ్నెట్ కణాలుంటే మామూలు రంగులో మాక్రోఫేజ్‌లని (చెత్తని మింగే మామూలు రక్షణ కణాలని) పొరబడే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే పాస్, ఏల్షియన్ బ్లూ వేయమని మాకు ఒక్క మాట చెప్పండి, అది తేలకపోతే సైటోకెరాటిన్ (గ్రంథి కణాల్లో ఉండి ఆ రక్షణ కణాల్లో ఉండని ప్రొటీన్) రంగు ఒక్కటి వేస్తే తేలిపోతుంది. ఆ స్లైడ్‌కి అయ్యే ఖర్చు రాయగడ నుంచి విశాఖ బస్సు ఛార్జీతో పోల్చి చూడండి, ఆరు నెలలు ఆలస్యమైన కేన్సర్ ఖర్చుతో పోల్చి చూడండి.

ఇక ముక్క సంగతి. మొన్న వానాకాలంలో గుణుపూర్ వైపు నుంచి ఒక సీసా వచ్చింది, ఖాళీ ఇంజెక్షన్ వయల్, రబ్బరు మూత, మీద ప్లాస్టర్ అంటించి పెన్నుతో పేరు రాశారు, తడికి సగం అక్షరాలు చెరిగిపోయాయి. లోపల ముక్కని చెడకుండా ఉంచే ఫార్మలిన్ లేదు, సెలైన్. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసొచ్చిన మూడు ముక్కలు, ఒక్కోటి గోధుమ గింజంత కూడా లేదు, ఫోర్సెప్స్‌తో తీస్తుంటే చివర్లు కరిగి దారాల్లా వచ్చేస్తున్నాయి. దాన్నే ప్రాసెస్ చేశాం, ఏం చేస్తాం, స్లైడ్ మీద పైపొర మొత్తం ఊడిపోయి ఉంది, మక్5ఏసీ ఉండాల్సింది సరిగ్గా ఆ పైపొరలోనే. మా డాక్టర్ గారు "సరిపోని శాంపిల్, మళ్లీ పంపండి" అని రాశారు, అంతకంటే రాయడానికి ఏముంది. ఆ మనిషి మళ్లీ గొట్టం మింగాలి, మళ్లీ కూలి పోగొట్టుకోవాలి.

దీనికి తిరగబడిన తప్పు ఇంకోటుంది, బజార్లో దొరికే ఫార్మలిన్‌ని నీళ్లు కలపకుండా నేరుగా పోసేయడం. ముక్క గట్టిపడిపోతుంది, రంగు సరిగ్గా ఎక్కదు. కావాల్సింది పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, అంటే ఒక వంతు ఫార్మలిన్‌కి తొమ్మిది వంతుల నీళ్లు, అందులో ఫాస్ఫేట్ ఉప్పులు. ముక్క కంటే కనీసం పదింతలు ద్రవం ఉండాలి, కనీసం 6 గంటలు, 72 గంటలు దాటకుండా. కేన్సర్ అనుమానం ఉన్న పుండు నుంచి ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయమని అంటారు, ఎందుకంటే ఒకే కేన్సర్‌లో ఒక మూల హెర్2 ఉండి ఇంకో మూల ఉండదు, మ్యూసిన్ల సంగతీ అంతే. రెండు ముక్కలు తీసి పంపితే మేం బ్లాక్‌ని ఎంత పొదుపుగా కోసినా నాలుగు రంగులకి చాలదు.

బ్లాకుల విషయంలో పేషెంట్లు పడే బాధ చెప్తే రాత్రి నిద్ర పట్టదు. ఒకమ్మాయి వాళ్ల నాన్న రిపోర్టు పట్టుకుని మా కౌంటర్ దగ్గరికొచ్చింది, ఆ బయాప్సీ మా దగ్గర చేసింది కాదు, వేరే చోట. "అన్నయ్యా, ఇందులో ఏటి రాసారో కాస్త సెప్పవా, అక్కడేమో మైనం ముక్క తెమ్మంటన్నారు, ఈళ్లేమో ఇవ్వం అంటన్నారు" అంది. రిపోర్టులో ఉన్నది ఒక్క లైను, మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్ అడెనోకార్సినోమా. చిన్న వయసు, కళ్లల్లో నీళ్లు, చేతిలో పాలిథిన్ కవరు నిండా కాగితాలు, కావాల్సిన కాగితం మాత్రం అందులో లేదు. బ్లాక్ ఇవ్వనందుకు ఆ బయాప్సీ చేసిన ల్యాబ్ వాళ్లు చెప్పిన కారణం, రికార్డులు మా దగ్గరే ఉండాలి అని. రికార్డుకి స్లైడ్ ఉంచుకోండి, రసీదు రాయించుకుని బ్లాక్ ఇవ్వండి, పని అయ్యాక తిరిగి తెప్పించుకోండి. మన జిల్లాల పేషెంట్లు ఒకచోట ఉండరు, కొందరు కటక్‌లో ఆచార్య హరిహర్ కేన్సర్ ఆసుపత్రి‌కి వెళ్తారు, తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికో పోతారు, భాష అర్థమవుతుందని, చుట్టాలు ఉన్నారని. రాష్ట్రం దాటినా సరే బ్లాక్ వెంట వెళ్లాలి, అందులోనే హెర్2, అందులోనే మక్1, అందులోనే అన్నీ.

ఆరోగ్య శాఖ పెద్దలకి విడిగా ఒక మాట. ఆపరేషన్‌కీ కీమోకీ ఆరోగ్య పథకం కార్డు మీద డబ్బులొస్తున్నాయి, సంతోషం, కానీ ఆ కీమో ఏది ఇవ్వాలో చెప్పే బ్లాక్ టెస్టులకి ఇప్పటికీ జనం అప్పు చేస్తున్నారు. బరంపురం, కోరాపుట్ మెడికల్ కాలేజీలకి కడుపు బయాప్సీలన్నిటి మీదా ఏల్షియన్ బ్లూ, పాస్ వేయమని ఒక్క ఆర్డర్ ఇవ్వండి, కేన్సర్ తేలినవాటికి హెర్2తో పాటు అవసరమైనప్పుడు మక్5ఏసీ, మక్2, మక్1 వేయడానికి బ్లాకులు కటక్ పంపే ఏర్పాటు చేయండి, కొరియర్ ఖర్చు పేషెంట్ మీద వేయకండి.

పాథాలజీ ప్రొఫెసర్లకి ఇంకోటి. అల్మరాల నిండా ఏళ్ల తరబడి పేరుకున్న కడుపు కేన్సర్ బ్లాకులున్నాయి. పీజీ పిల్లలు థీసిస్ టాపిక్ కోసం వెతుక్కుంటారు కదా, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తీసుకుని ఆ బ్లాకుల మీద ఒకే యాంటీబాడీ, ఒకే పద్ధతి, ఒకే కటాఫ్‌తో మ్యూసిన్లు వేసి, ఆ పేషెంట్లు తర్వాత ఎలా ఉన్నారో ఫోన్ చేసి కనుక్కుని రాస్తే, జపాన్ వాళ్ల లెక్కలు, కొరియా వాళ్ల లెక్కలు చూసుకోవడమే కాకుండా ఎండుచేపలు, పొగాకు, అంబలి మధ్య పెరిగిన మన మనుషుల కడుపు ఎలా నడుచుకుంటుందో మన దగ్గరే తెలుస్తుంది. కోయడం, రంగు వేయడం మా పని, డ్యూటీ అయ్యాక కూడా చేస్తాం, మాలో చాలామంది ఇష్టంగా చేస్తారు.

ముందుగా చేయగలిగింది మాత్రం ఎండోస్కోపీ రూమ్‌లోనే ఉంది. జయపురం, రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, ఎక్కడ స్కోప్ నడుస్తుంటే అక్కడికి పది శాతం బఫర్డ్ ఫార్మలిన్ నింపి లేబుల్ అంటించిన సీసాలు పంపడానికి మా టెక్నీషియన్లం కొందరం మాట్లాడుకున్నాం, యాంట్రమ్ ముక్కలకి ఒక సీసా, బాడీ ముక్కలకి ఇంకో సీసా, ఫారమ్ ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో. అక్కడి సిస్టర్లకి, అటెండర్లకి ఒక గంట చూపిస్తే చాలు, ముక్క ఎలా వేయాలి, మూత ఎలా బిగించాలి, ఏం రాయాలి. డబ్బులేం అడగం. ఏ ఆసుపత్రికి ఏ రోజు రమ్మంటారో చెప్పండి, ఆదివారమైనా పర్లేదు.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక హిస్టో టెక్నీషియన్